ఐపీ (దివాలా పిటిషన్) వేద్దామనుకుంటున్నా, కోర్టుకెళ్లే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

గల్లాపెట్టె (సోమవారం రాత్రి 11:48)
అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పట్నుంచో చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది పశ్చిమ గోదావరిలో ఒక మండల కేంద్రం, బట్టల కొట్టు, నాన్నగారి హయాం నుంచి ఉంది. కరోనా టైంలో అప్పు చేసి అద్దె కట్టా, ఆ తర్వాత ఊళ్లోకి పెద్ద షోరూం వచ్చింది, జనం ఫోన్లో కొనుక్కోవడం అలవాటుపడ్డారు, ఇక ఒకరి వడ్డీ కట్టడానికి ఇంకొకరి దగ్గర అసలు తీసుకోవడం, అలా అలా నిన్న కూర్చుని లెక్కేస్తే 24 మందికి కలిపి 38 లక్షలు తేలింది. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) 9 లక్షలు, దానికి ఇల్లు తనఖా. చీటీ పాడుకున్నాను, ఇంకా 4 లక్షలు కట్టాలి, దానికి మా బావగారు ష్యూరిటీ. రెండు క్రెడిట్ కార్డులు, సూరత్ సరుకు బాకీ. మిగతాదంతా ప్రోనోట్లే, రెండు రూపాయల వడ్డీ. ఇద్దరికి చెక్కులు కూడా ఇచ్చి ఉన్నా.
తెలిసినాయన ఐపీ పెట్టెయ్ అన్నాడు. ప్లీడరు దగ్గరికి వెళ్లే ముందు నా చేతిలో ఏం ఉండాలి, ఏం చేయకూడదు, కొంచెం చెప్పండి. ఇంట్లో ఇంకా ఎవరికీ తెలీదు.

గోలీసోడా (సోమవారం రాత్రి 11:56)
అన్నా సింపుల్. ముందు ఇల్లు, స్థలాలు ఏమున్నా వదిన పేరు మీద గిఫ్ట్ డీడ్ కొట్టెయ్. సరుకు డిస్కౌంట్ సేల్ పెట్టి అమ్మేసి క్యాష్ తమ్ముడి దగ్గర దాయి. కార్డుల్లో లిమిట్ ఉంటే గీకెయ్. తర్వాత ఐపీ. మా వైపు అందరూ చేసేది ఇదే.

నల్లకోటు (మంగళవారం ఉదయం 6:20)
పై సలహా పాటిస్తే మీరు సివిల్ కోర్టుకి కాదు క్రిమినల్ కోర్టుకి సిద్ధపడుతున్నట్టు. దయచేసి పాటించకండి.
నేను జిల్లా కోర్టుల్లో సివిల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తా. గల్లాపెట్టె గారూ, ముందు ఒక సంగతి తెలుసుకోండి. మనవాళ్లు ఐపీ అనేది ఇన్సాల్వెన్సీ పిటిషన్. అది ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్ట్ కిందే నడుస్తోంది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అంటారు, వచ్చింది, కానీ అందులో వ్యక్తులకి సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. మీలాంటి వ్యాపారికి ఇంకా ఆ పాత చట్టమే దిక్కు. ఎంత పాతదంటే 500 రూపాయల అప్పుంటే చాలు ఐపీ వేయొచ్చని రాసుంటుంది, అప్పటి 500 అది.
మీరు మామూలుగా ఉండే ఊరు, లేదా వ్యాపారం చేసే ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ వేయాలి. పిటిషన్లో అసలు పనంతా రెండు లిస్టుల్లో ఉంటుంది. ఎ షెడ్యూల్ అంటే ఎవరెవరికి ఎంత బాకీ, వాళ్ల పూర్తి పేర్లు, చిరునామాలు. బి షెడ్యూల్ అంటే మీకున్న ఆస్తి, ఎక్కడుంది, ఎంత విలువ. ఇదంతా కోర్టు చేతిలో పెట్టడానికి సిద్ధమే అని రాసి సంతకం పెట్టాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ఐపీ వేశారా లేదా కూడా చెప్పాలి. ప్లీడరు దగ్గరికి ఆ రెండు లిస్టులూ సొంతంగా రాసుకుని వెళ్లండి, సగం పని అయినట్టే.

రిటైర్డ్ మాస్టారు (మంగళవారం ఉదయం 7:05)
ఇక్కడ అందరూ బాకీ ఉన్నవాడికే సలహాలు ఇస్తున్నారు. నేను అవతలి వైపు వాణ్ణి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 6 లక్షలు తెలిసిన వ్యాపారికి ప్రోనోటు మీద ఇచ్చాను, అమ్మాయి పెళ్లికి తీసుకుందామని. పెళ్లి నాలుగు నెలలుందనగా పోస్ట్‌మ్యాన్ కోర్టు కవరు తెచ్చిచ్చాడు. విప్పితే ఐపీ నోటీసు. 31 మంది రెస్పాండెంట్లు, అంటే అప్పిచ్చినవాళ్లం, నాది 19వ నంబరు. ఇంటిపేరు కూడా తప్పు. ముందురోజు సాయంత్రమే ఆ మనిషి సెంటర్లో ఎదురుపడి అమ్మాయి పెళ్లి పనులు ఎంతవరకొచ్చాయి మాస్టారూ అని అడిగాడు, అది నేనింకా మర్చిపోలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ పలకరింపు ఒక ఎత్తు.

గల్లాపెట్టె (మంగళవారం ఉదయం 9:31)
మాస్టారూ, మీరు రాసింది చదివాక కొట్టు షట్టర్ ఎత్తబుద్ధి కాలేదు. నా లిస్టులోనూ ఒక రిటైర్డ్ ఆయన ఉన్నారు. అంతకంటే ఏం రాయను.

పాత ఐపీ (మంగళవారం మధ్యాహ్నం 1:15)
నేను 2011లో వేశా, ఎరువుల కొట్టు. జరిగింది చెప్తా, వాడుకుంటే వాడుకోండి.
నేను చేసిన పెద్ద తప్పు లిస్టు ప్లీడరు గారి గుమాస్తాకి నోటితో చెప్పి రాయించడం. ఆయన రాసుకుంటూ పోయాడు, నేను గుర్తొచ్చినవాళ్లని చెప్పుకుంటూ పోయా, చివరికి నలుగురు మిగిలిపోయారు, ముగ్గురి అడ్రసులు తప్పు. కవర్లు డోర్ లాక్డ్ అనీ, అలాంటివాళ్లు లేరు అనీ తిరిగొచ్చాయి. మళ్లీ అడ్రసు కనుక్కోవాలి, మళ్లీ బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టాలి, మళ్లీ వాయిదా. ఈలోగా ఒకాయన చనిపోయారు, ఆయన వారసుల్ని చేర్చాలన్నారు, వాళ్లలో ఒకబ్బాయి దుబాయ్. నోటీసులు అందరికీ అందేసరికే ఏడాదిన్నర అయిపోయింది, పేపర్లో ప్రకటన కూడా వేయించాల్సొచ్చింది. కాబట్టి అన్నా, ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, పిన్‌కోడు ఓపిగ్గా రాసుకో. ఫోన్ నంబర్ ఉంది కదా అనుకోకు, కోర్టు ఫోన్ చేయదు.
ఇంకోటి, ఐపీ వేసినరోజు నుంచే అందరూ నోరు మూసుకుంటారని అనుకున్నా. అలా ఏం ఉండదు.

నల్లకోటు (మంగళవారం మధ్యాహ్నం 2:40)
ఇది చాలామందికి తెలియదు, మంచిపని చేశారు చెప్పి. పిటిషన్ నంబరయినంత మాత్రాన దావాలు, జప్తులు వాటంతటవి ఆగవు. కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాక మీ ఆస్తి రిసీవర్ (దాన్ని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) చేతికి పోతుంది, అప్పట్నుంచి అప్పులవాళ్లు కోర్టు అనుమతి లేకుండా విడివిడిగా మీ మీదికి రాలేరు. ఈలోగా ఎవరైనా డిక్రీ తెచ్చుకుని అరెస్టుకి ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే దానికి విడిగా రక్షణ అడగాలి. అలాగని భయపడకండి, కట్టే స్తోమత లేకపోవడం ఒక్కటే జైల్లో పెట్టడానికి కారణం కాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. స్తోమత ఉండీ ఎగ్గొడితేనే సివిల్ జైలు, అదీ 3 నెలలకి మించదు, లోపల తిండి ఖర్చు జైల్లో పెట్టించిన అప్పులాయనే కట్టాలి.
ఐపీకి లొంగనివి కొన్నుంటాయి. బ్యాంకు తనఖా దాని దారి దానిదే, ఇల్లు వేలం వేసుకోవచ్చు. 9 లక్షలు పోగా మిగిలింది మాత్రం రిసీవర్ ద్వారా మిగతావాళ్లకి పంచుతారు. చెక్కు బౌన్స్ కేసు క్రిమినల్, ఐపీ వేశానంటే ఆగదు, రెండేళ్ల దాకా శిక్ష, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉండొచ్చు. ఆ ఇద్దరి సంగతి ప్లీడరుకి మొదటిరోజే చెప్పండి, మూడోసారి కలిసినప్పుడు కాదు. ప్రభుత్వానికి కట్టాల్సినవీ, మోసంతో చేసిన అప్పులూ డిశ్చార్జ్ (పాత అప్పుల నుంచి కోర్టు ఇచ్చే విడుదల) వచ్చాక కూడా పోవు.
ఇక బావగారు. మీరు దివాలా తీసినా ష్యూరిటీకి విముక్తి లేదు. చీటీ కంపెనీ రేపు నేరుగా ఆయన జీతం మీదికి వెళ్తుంది.

గల్లాపెట్టె (మంగళవారం రాత్రి 10:58)
ఆ ఆఖరి మాట దగ్గరే ఆగిపోయా మేడమ్. బావగారు చిన్న ఉద్యోగి, మా అక్క మాట కాదనలేక సంతకం పెట్టారు. నేననుకున్నది ఏంటంటే, కొట్లో మిగిలిన సరుకు టోకున అమ్మేస్తే 3 లక్షల పైన వస్తుంది, అది మొత్తం చీటీకి కట్టేసి, ఆయన్ని బయటపడేసి, ఆ తర్వాత ఐపీ వేద్దామని. తప్పా ఇది? ఇంకోటి కూడా చెప్పేస్తున్నా, దాచడం దేనికి. పాప పేరున 150 గజాల స్థలం పోయినేడు గిఫ్ట్ డీడ్ చేశా. 14 నెలలైంది. అప్పటికే అప్పులున్నాయి.

గోలీసోడా (మంగళవారం రాత్రి 11:04)
చూశారా నేను చెప్పింది అన్న ఆల్రెడీ చేసేశాడు 😀 ఇంకో పది నెలలు లాగించు అన్నా, రెండేళ్లు దాటితే ఎవడూ ముట్టుకోలేడు.

నల్లకోటు (బుధవారం ఉదయం 6:10)
సోడా గారూ, సగం చట్టం తెలిసినవాళ్లతోనే మాకు పని ఎక్కువ.
ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలోపు డబ్బు తీసుకోకుండా రాసిచ్చిన ఆస్తిని రిసీవర్ రద్దు చేయించవచ్చు, అది 53వ సెక్షన్. నిజమే, రెండేళ్ల లెక్క ఉంది. కానీ పది నెలలు ఆగమంటే ఎవరాగుతారు? 24 మంది అప్పులవాళ్లలో ఏ ఒక్కరైనా తనంతట తనే మీ మీద ఐపీ వేయొచ్చు. లేదా ఇది మమ్మల్ని ఎగ్గొట్టడానికి రాసిన గిఫ్టు అని మామూలు దావా వేయొచ్చు, దానికి ఈ రెండేళ్ల లెక్క అడ్డురాదు. పైగా ఆ పది నెలలూ గల్లాపెట్టె గారు తీర్చలేనని తెలిసీ కొత్త అప్పులు చేస్తూ కొట్టు నడపాలి, రేపు డిశ్చార్జ్ అడిగినప్పుడు జడ్జి గారు చూసేది సరిగ్గా దాన్నే.
గల్లాపెట్టె గారూ, ఆ స్థలం సంగతి డీడ్ నంబరు, తేదీతో సహా మీరే పిటిషన్లో రాయండి. మీరు రాస్తే పొరపాటు అంటారు, అవతలి ప్లీడరు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూపిస్తే దాచాడంటారు. దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు.
బావగారి విషయం మీ మనసు అర్థమైంది, కానీ పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో ఒకరికే మేలు చేయాలని కట్టిన డబ్బుని కూడా తిరగదోడతారు. ఆ సరుకు 24 మందిదీ. అమ్మకండి, లెక్కరాసి పెట్టండి. బావగారి పేరు కూడా లిస్టులో ష్యూరిటీగా చేర్చండి, రేపు ఆయన మీ బదులు కడితే ఆయనా మీకు అప్పిచ్చినవాడి కిందే లెక్క.

చుక్కల ముగ్గు (బుధవారం ఉదయం 10:22)
ఇంట్లో ఎవరికీ తెలీదన్నారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను అన్నయ్యా. మా వారు ఐపీ వేసిన సంగతి నాకు కోర్టు ఆమీను గారు ఇంటికొచ్చి సామాను రాసుకుంటుంటే తెలిసింది. ఫ్రిజ్జు ఒకటి, టీవీ ఒకటి, బీరువా ఒకటి అని పైకి చదువుతూ రాస్తున్నాడు. కుట్టుమిషను దగ్గరికొచ్చి ఆగాడు. అది నాది, నేను జాకెట్లు కుట్టి కొనుక్కున్నది, బిల్లు నా పేరు మీదుంది, పాత పుట్టింటి ట్రంకు పెట్టె అంతా తిరగేసి ఆ బిల్లు వెతికిచ్చాను, ఆయన కళ్లద్దాలు పైకి పెట్టుకుని రెండుసార్లు చదివి సరేనమ్మా అని పక్కకి జరిగాడు. అప్పటిదాకా మా వారు నా మొహం చూడలేదు.
వదిన గారికి ఇవాళే చెప్పండి. ఆవిడ సొంత వస్తువుల బిల్లులు, పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం వివరాలు ఒకచోట పెట్టుకోమనండి.

నైట్ షిఫ్ట్ (బుధవారం మధ్యాహ్నం 12:50)
మధ్యలో దూరుతున్నా సారీ. నాది ఉద్యోగం, కార్డులు, యాప్ లోన్లు కలిపి 7 లక్షలు. రికవరీ వాళ్లు రాత్రి పదికి మా అమ్మకి ఫోన్ చేస్తున్నారు. నేనూ ఐపీ వేయొచ్చా? పీఎఫ్ పోతుందా?

పాత ఐపీ (బుధవారం మధ్యాహ్నం 1:30)
తమ్ముడూ జీతం వస్తూ 7 లక్షలకి ఐపీ ఎందుకు. ముందు బ్యాంకుకి ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి అప్పు ముగించుకోవడం) అడుగుతూ కాగితం పెట్టు, లోక్ అదాలత్‌కి రమ్మను, అక్కడ రాజీ అయితే అది డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. ఐపీ ముద్ర పడితే చాలా తలుపులు మూసుకుంటాయి.

నల్లకోటు (బుధవారం సాయంత్రం 5:15)
పీఎఫ్ ముట్టుకోరు. జీతంలో కూడా మొదటి 1000, ఆ పైన మూడింట రెండొంతులు మీవే. వంటపాత్రలు, బట్టలు, పరుపులు, మంగళసూత్రం, చేతివృత్తి పనిముట్లు ఇవన్నీ జప్తుకి రావు. రైతు కాపురముండే ఇంటికి కూడా మినహాయింపు ఉంది, వ్యాపారి ఇంటికి లేదు. రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది, బంధువుల్ని వేధించడమూ కుదరదు. కాల్ రికార్డు పెట్టుకుని ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మీకు వేరే థ్రెడ్ పెట్టుకోండి, ఇక్కడ కలిపితే గల్లాపెట్టె గారి విషయం మరుగున పడుతుంది.

రిటైర్డ్ మాస్టారు (బుధవారం రాత్రి 8:40)
స్థలం సంగతి తనే బయటపెట్టాడు కాబట్టి ఈ అబ్బాయితో నాకు మాట్లాడాలనిపిస్తోంది. బాబూ, అప్పిచ్చినవాడు కోర్టులో ఏం చేస్తాడో చెప్తాను విను. నేను కౌంటర్ వేశాను. బోనులో ఆ వ్యాపారిని మా ప్లీడరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, మీరు నెలనెలా రాసిన చిట్టా, ఆవర్జా ఎక్కడున్నాయని. చెదలు పట్టాయన్నాడు. కొట్టు పాలరాతి ఫ్లోరింగు, చెదలు ఎక్కడివండీ అన్నాడు మా ప్లీడరు. జడ్జి గారు తలెత్తి చూశారు. అక్కడికి ఆ ఐపీ పని అయిపోయింది.
నీ పుస్తకాలు ఉన్నాయా?

గల్లాపెట్టె (బుధవారం రాత్రి 11:20)
ఉన్నాయి మాస్టారూ. ఎర్ర గుడ్డ అట్ట పొడుగు పుస్తకాలు, నాన్నగారి అలవాటే నాదీ, మొదటి పేజీలో శ్రీరామ, నాలుగు మూలలా పసుపు. చివరి పుస్తకం ఇప్పుడు ముందు పెట్టుకుని కూర్చున్నా. 2021 దాకా నా చేతిరాత గుండ్రంగా ఉంది, తర్వాత్తర్వాత గీతలైపోయింది, కొన్నిచోట్ల మొత్తం రాసి పేరు రాయలేదు, చుక్క పెట్టి వదిలేశా, ఆ చుక్కలు ఎవరో నాకు తెలుసు. ఒక ముసలావిడ ఉంది, 40 వేలు, నోటు రాసి మూడేళ్లు దాటింది, మధ్యలో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటే గడువు పెరుగుతుందని ఆవిడకి తెలీదు, నేను చెప్పలేదు. చట్టప్రకారం ఆవిడది చెల్లదు అంటారు కదా. రాయాలా?

నల్లకోటు (గురువారం ఉదయం 6:05)
గడువు దాటిన నోటుకి వాటా దొరకడం కష్టమే. అయినా తేదీతో సహా రాయండి, ఏది చెల్లుతుందో తేల్చేది మీరు కాదు, కోర్టు.
ఆ ప్రోనోటు అసలు కాగితాలు అప్పులవాళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి మీ దగ్గరున్న వాటిని పోగేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఓడీ తనఖా కాగితాలు, చీటీ పాస్‌బుక్కు, ఫోన్‌పే హిస్టరీ, జీఎస్టీ రిటర్నులు, ఇల్లు, స్థలం ఈసీలు, ఎల్ఐసీ పాలసీలు, కొట్టు అద్దె అగ్రిమెంటు. ఎవరైనా దావా వేసి ఉంటే ఆ నంబరు. నష్టం ఎందుకొచ్చిందో కూడా ఒక పేజీ రాసుకోండి, బోనులో జడ్జి గారు అడుగుతారు. మీ ఆస్తులు రూపాయి అప్పుకి అర్ధరూపాయి కూడా రాకపోతే పూర్తి డిశ్చార్జ్ ఇవ్వడానికి కోర్టు వెనకాడుతుంది, అది మీ తప్పు వల్ల కాదని మీరే చూపించాలి. ప్రకటించేటప్పుడే డిశ్చార్జ్‌కి ఎన్నాళ్లలో అడగాలో గడువు పెడతారు, ఆ తేదీ గోడ మీద రాసుకోండి. మర్చిపోతే మొత్తం రద్దయి, అప్పులన్నీ మళ్లీ మీద పడతాయి.

గోలీసోడా (గురువారం ఉదయం 9:12)
సర్లే నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఒక డౌటు, ఐపీ పెట్టినోడు సర్పంచ్‌గా నిలబడొచ్చా? మా ఊళ్లో ఒకడున్నాడు.

నల్లకోటు (గురువారం ఉదయం 9:40)
డిశ్చార్జ్ వచ్చేదాకా స్థానిక సంస్థల్లో కూర్చోవడానికి లేదు, ఎమ్మెల్యే, ఎంపీగానూ పనికిరాడు. ఇంకా ఉంది, డిశ్చార్జ్ కాని మనిషి ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు గానీ అంతకు మించి గానీ అప్పు తీసుకున్నా నేరమే.

పాత ఐపీ (గురువారం ఉదయం 9:44)
ఆ 50 రూపాయల సంగతి నాకు ప్లీడరు చెప్పాక ఎదురు పాన్‌షాపులో ఖాతా కూడా ఎత్తేశా 😅

గల్లాపెట్టె (ఐదు వారాల తర్వాత, శనివారం రాత్రి 9:15)
అందరికీ చెప్పకుండా ఉండలేక వచ్చా. నిన్న ఫైల్ చేశాం. నంబరింగ్‌కి ఇంకా టైం పడుతుందన్నారు, ఒక అబ్జెక్షన్ వేసి తిప్పి పంపారు కూడా, ఎ షెడ్యూల్లో రెండు పిన్‌కోడ్లు లేవని. పాత ఐపీ గారు నవ్వుకుంటారు.
ఇంట్లో చెప్పా. మా ఆవిడ గట్టిగా ఏడుస్తుందనుకున్నా, లేదు, నాకు రెండేళ్ల నుంచి తెలుసు, మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నా అంది. పాప స్థలం రాసేటప్పుడు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.
మాస్టారూ, మీరు రాసింది మనసులో పెట్టుకుని నోటీసులు వెళ్లక ముందే వీలైనంత మందిని స్వయంగా కలిశా. 24 మందిలో 17 మందిని. ఒకరిద్దరు నోటికొచ్చినట్టు తిట్టారు, ఒకాయన కుర్చీ కూడా వేయలేదు, ఆ రిటైర్డ్ ఆయన చాలాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుని చివరికి మంచినీళ్లిచ్చి పంపారు. ముసలావిడకి ఎంత చెప్పినా అర్థం కాలేదు, కోర్టువాళ్లు నాకు 40 వేలు ఇస్తారా బాబూ అని అడిగింది.
బావగారి దగ్గరికి ఆఖర్న వెళ్లా. చీటీ కంపెనీ నోటీసు ఆయనకి ముందే వచ్చేసింది. టేబుల్ మీదే ఉంది. నేను నిలబడే చెప్పా, ఆయన మొత్తం విని, లిస్టు కాపీ చూపించమన్నారు. తన పేరు దగ్గర వేలు పెట్టి, ఇంటిపేరులో వత్తు తప్పుపోయింది, సరిచేయించు, లేకపోతే కవరు తిరిగొస్తుంది అన్నారు. అక్క మాత్రం బయటికి రాలేదు.

రిటైర్డ్ మాస్టారు (శనివారం రాత్రి 9:50)
మిగతా ఏడుగురు?

గల్లాపెట్టె (శనివారం రాత్రి 10:02)
ముగ్గురు ఊళ్లో లేరు. నలుగురి ఇంటిదాకా వెళ్లి వెనక్కొచ్చా మాస్టారూ. రేపు ఆదివారం, మళ్లీ వెళ్తా.

నల్లకోటు (శనివారం రాత్రి 10:20)
వెళ్లినప్పుడు ఆ ఇద్దరి పిన్‌కోడ్లు కనుక్కుని రండి. సోమవారం రీప్రజెంట్ చేయాలి, అంటే సరిచేసి మళ్లీ దాఖలు చేయాలి.